కొసరు పిచ్చుక

ధ్యానమునకు ముందు చదువవలసిన భాగములు: లూకా 12:6, 7, 1 రాజులు 4:29–34, ద్వితీయోపదేశకాండము 5:12–15.



మత్తయి సువార్తను లూకా సువార్తను ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదువువారికి ఒక చిన్న లెక్క కనబడును. మత్తయి పదియవ అధ్యాయములో పిచ్చుకల ధర కాసుకు రెండు. లూకా పండ్రెండవ అధ్యాయములో రెండు కాసులకు అయిదు. కాసుకు రెండు చొప్పున రెండు కాసులకు నాలుగే రావలెను గదా! ఆ అయిదవది ఎక్కడనుండి వచ్చెను?

సంతకు పోవు మన అక్కచెల్లెండ్రకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. చింతపండు తూచిన తరువాత, ఆకుకూర కట్టలు లెక్కపెట్టిన తరువాత, "కొంచెము కొసరు వెయ్యవమ్మా" అని చెయ్యి చాపుట వారు ఎరిగినదే. అయిదవ పిచ్చుక కొసరు. ఆ కాలమున కాసు అనునది దినకూలిలో పదునారవ వంతు. మాంసము కొనలేని బీదవాడు కొనగలిగినది పిచ్చుకను. అంత చవుక సరకులో కూడ వెల లేకుండ చేతిలో పడినది ఆ అయిదవది. అమ్మువాడు దానిని లెక్కలో వేయడు. కొనువాడు దానికొరకు బేరమాడడు. అటువంటి వాటిలో ఒకటియైనను దేవుని యెదుట మరువబడలేదని ప్రభువు సెలవిచ్చెను.

ఈ వాక్యముమీద మనము భయపడనక్కరలేదను ప్రసంగములు అనేకములు విన్నాము. మేమును చేసియున్నాము. అది సరియైన బోధయే. అయితే ఈ మాసము మరియొక సంగతి అడుగవలెనని మాకు తోచుచున్నది. పిచ్చుకలు కొసరు వేయుదురని ప్రభువునకు ఎట్లు తెలిసెను? ఆయన సంతలో నిలిచి చూచియుండవలెను. సంతవీధిలో పిల్లలు ఆడుకొను ఆటలు ఆయన చూచెను. స్త్రీ పిండిలో పులిసిన పిండి దాచుట చూచెను. పాతబట్టకు క్రొత్త మాసిక వేసిన ఏమగునో ఎరిగెను. సాయంకాలపు ఆకాశము ఎఱ్ఱబారుట, అంజూరపు కొమ్మ లేతదై చిగిర్చుట, చిమ్మెట బట్టను కొట్టుట ఆయన మాటలలోనికి వచ్చెను. ఇవన్నియు మనము "పనిలేని సంగతులు" అని త్రోసివేయునవే. లోకమును రక్షింప వచ్చినవానికి వీటిని చూచుటకు తీరిక యుండెను.

పల్లెలలో మన సంఘస్థులు కొందరికి ఇట్టి చిన్న చిన్న ఆసక్తులు గలవు. ఒకాయన దమ్మిడీలు, అణాలు, చిల్లుకాసులు ఒక గుడ్డసంచిలో దాచుకొనియున్నాడు. ఒక ఉపాధ్యాయుడు ఇరువది సంవత్సరములుగా ఏ దినమున ఎంత వాన కురిసినదో నోటుబుక్కులో వ్రాసికొనుచున్నాడు. ఒక అవ్వ అనపగింజలు ఏడెనిమిది రకములు బూడిద కలిపి కుండలలో భద్రపరచి, ఏది ఏ పొలమునుండి వచ్చెనో చెప్పును. ఒకరికి తపాలా బిళ్ళలు, ఒకరికి రేడియో విప్పి మరల బిగించుట. ఒకరికి ఒక్కటి కాదు, నెలకొక్కటి! ఇది పాపమా, కాలమును వ్యర్థపరచుటయా, విశ్వాసికి తగునా అని మమ్మును అడిగినవారు గలరు. అడుగక మునుపే తీర్పు తీర్చినవారమును మేమే. ఆ సంగతి మొదట చెప్పుకొనవలెను.

పూర్వము మేము చంద్రగిరి తట్టు ఒక చిన్న సంఘములో పరిచర్య చేయుచుండగా, ఆదివారపు బడిలో ఒక పిల్లవాడుండెను. పదేండ్లవాడు. వాని చేతిలో ఎప్పుడును ఒక రేకుడబ్బా. అందులో పాము కుబుసము, గురివింద గింజలు, ఈకలు, నదిలోని నున్నని రాళ్ళు మొదలైనవి. ఒక ఆదివారము మేము కంఠత వాక్యము అప్పగించుకొనుచుండగా వాడు డబ్బా తెరచి ప్రక్కవానికి చూపుచుండెను. మాకు కోపము వచ్చినది. డబ్బా లాగికొని, గుడి వెనుకనున్న పెంటదిబ్బలో పారవేయించితిమి. అంతటితో ఆగితిమా? ఆరాధనలో మొదటి యోహాను రెండవ అధ్యాయము తీసి, లోకమును ప్రేమింపకూడదని ముప్పావుగంట బోధించితిమి. వాని తల్లి చివరి వరుసలో తలవంచుకొని కూర్చుండెను. వాడు ఏడువలేదు. తరువాత ఆదివారమును వచ్చెను. కంఠత వాక్యము తప్పులేకుండ అప్పగించెను. అయితే అప్పటినుండి వాడు మమ్మును ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. అది క్రమశిక్షణ అని మేము సంతోషించితిమి.

ఇది జరిగిన చాల సంవత్సరములకు మొదటి రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయము చదువుచు ఒక చోట నిలిచిపోతిమి. అంతకు ముందు ఎన్నిమారులు చదివితిమో! సొలొమోను జ్ఞానమును వర్ణించుచు పరిశుద్ధ గ్రంథకర్త మొదట సామెతలు చెప్పెననియు, కీర్తనలు రచించెననియు వ్రాసి, అంతటితో విడువక, లెబానోనులోని దేవదారు మొదలుకొని గోడలో మొలుచు హిస్సోపు వరకు చెట్లను గూర్చియు, మృగములను పక్షులను ప్రాకు జంతువులను చేపలను గూర్చియు అతడు మాటలాడెనని చెప్పుచున్నాడు. గోడలో మొలుచు మొక్క! దానిని ఎవరును నాటరు. సున్నము కొట్టుదినమున పీకివేయుదురు. రాజు దానివైపు చూచెను. దానిని చూచుట అతని జ్ఞానములో ఒక భాగమని దేవుని గ్రంథములో వ్రాయబడెను. అప్పుడు ఆ రేకుడబ్బా మా కన్నుల యెదుటికి వచ్చినది.

ఆ తరువాత వెదకిన కొలది ఇట్టివే కనబడెను. ఆదామునకు ఇయ్యబడిన మొదటి పనులలో ఒకటి జంతువులకు పేరు పెట్టుట. వాటిని దేవుడు అతనియొద్దకు రప్పించి, అతడేమి పేరు పెట్టునో చూచెనని ఆదికాండము చెప్పుచున్నది. బిడ్డ మొదటి మాట వినుటకు కాచుకొని యుండు తండ్రి మాకు అక్కడ కనబడుచున్నాడు. యోబు అన్ని దుఃఖములు పడి దేవుని ప్రశ్నించినప్పుడు, దేవుడు అతనికి కారణములు చెప్పలేదు. అడవి మేకలు ఈనుకాలము నీకు తెలియునా, కాకికి ఆహారము సిద్ధపరచువాడెవడు, ఉష్ట్రపక్షి రెక్క నెట్లు ఆడించును అని అడుగుచు, నాలుగు అధ్యాయములు సృష్టిని చూపించుకొనుచు పోయెను. ఆమోసు పసులకాపరి, మేడిపండ్లు ఏరుకొనువాడు. కొండమీది ప్రసంగములో అడవిపువ్వులను గూర్చి ప్రభువు పలికినచోట గ్రీకుభాషలోని మాట ఊరక చూచుట కాదు, శ్రద్ధగా నేర్చుకొనుట అను భావము గలది. అది ఆజ్ఞ రూపముగానే యున్నది. ఈ ఆజ్ఞను గూర్చి బాప్తిస్మపు తరగతిలో మేము ఎవరిని పరీక్షించితిమి?

సామెతల గ్రంథము ముప్పదియవ అధ్యాయములో, చిన్నవైనను మిక్కిలి జ్ఞానముగల నాలుగు ప్రాణులు చెప్పబడెను. చీమ, చిన్న కుందేలు, మిడుత, నాలుగవది మన తెలుగు బైబిలులో బల్లి. చేతికి చిక్కునంత చిన్నది, అయినను రాజగృహములలో కాపురముండును. బల్లి మీద పడినప్పుడు శకునము చూచుకొనుటయే తప్ప దానివలన నేర్చుకొనవలసినది ఉన్నదని మన పల్లెలలో ఎవరు తలంచిరి? మన తిరుపతి కొండలలో, శేషాచలపు బండల చీలికలలో ఒక బంగారు బల్లి యున్నది. పగలు రాళ్ళ సందులలో దాగి, చీకటిలో తిరుగును. మగబల్లి పసిమివన్నె మెరయును. బెడ్డోము అను అడవిశాఖ అధికారి 1870లో దానిని శాస్త్రములో వర్ణించెను. తిరుపతికి చుట్టుప్రక్కల జీవించు మనము, దాని పేరైనను వినక ఆ కొండ నీడలో జీవితము గడపవచ్చును.

మనకు సువార్త తెచ్చిన పూర్వికులలో ఇట్టి ఆసక్తి గలవారు అనేకులు. తరంగంబాడిలో లూథరన్ మిషనరీగా పనిచేసి 1813లో నిద్రించిన క్రిస్టాఫ్ సామ్యూల్ జాన్ అను సేవకుడు బోధయు పాఠశాలలును చూచుకొనుచు, చేపలను, గవ్వలను, పాములను సేకరించెడివాడు. మనవారు "రెండు తలల పాము" అని పిలుచు ఇసుకపాము, దాని తోక మొద్దుగా నుండుటచే రెండవ తలవలె కనబడును, శాస్త్రములో ఈనాటివరకు ఆయన పేరు మోయుచున్నది. ఆ పేరు పెట్టినవాడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, 1801లో. ఈ రస్సెల్ విశాఖపట్టణములో నుండి మన తీరమందలి పాములను గూర్చి 1796లో గొప్ప పుస్తకము అచ్చువేసెను. అందులో అతడు చేసిన మంచిపని ఒకటి చెప్పవలెను. పాములకు ఇక్కడివారు పిలుచు తెలుగు పేర్లను అడిగి తెలిసికొని, వాటినే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. ఎవరిని అడిగియుండును? పొలములలోను పుట్టలయొద్దను తిరుగు బీదవారినే గదా. వారు చెప్పిన "బంగారు" అను మాటనుండియే కట్లపాముల జాతికి లోకమంతటను వాడు లాటిను పేరు పుట్టినది. చదువురాని మన పితరుల నోటి మాట నేడు ప్రతిదేశపు శాస్త్రగ్రంథములోను ఉన్నది.

పండితులు పోగొట్టుకొన్నదానిని పల్లెవారు తెచ్చి ఇచ్చిన సంగతియు కలదు. జెర్డన్ అను సైనిక వైద్యుడు, నెల్లూరులోను కొంతకాలము పనిచేసినవాడు, వైద్యము తన జీవనోపాధియైనను పక్షులను తన సంతోషముగా పెట్టుకొనెను. అతడు కనుగొనిన ఒక పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అది నశించినదని పుస్తకములలో వ్రాసివేసిరి. 1986లో కడప జిల్లా లంకమల అడవుల దాపున, ఒక గ్రామస్థుడు ఆ పక్షిని ప్రాణముతో పట్టి తెచ్చి చూపెను. మనవారు దానిని కలివికోడి అందురు. కలివిపొదలలో రాత్రివేళ తిరుగును గనుక ఆ పేరు. ఎనుబదియారు సంవత్సరములు లోకమునకు చచ్చినట్టి పక్షికి ఆ ఊరివారియొద్ద పేరు బ్రతికేయుండెను. తెలుగుగంగ కాలువ దాని పొదలమీదుగా పోకుండ దారి మార్చబడెను.

ఇట్లు చెప్పుకొనుచు పోయిన చాల యున్నది. అయితే ఒక కూడికలో మేము ఈ సంగతులే మాటలాడుచుండగా ఒక అవ్వ లేచి అడిగిన మాట వ్రాయకుండ ముందుకు పోరాదు. "అయ్యగారూ, కడుపు నిండినోళ్ళకు ఇయన్నీ సరే. తెల్లారితే కూలికి పోవల్ల, నీళ్ళు మొయ్యల్ల, పొయ్యి అంటించల్ల. మా కొంపలో తీరిక యాడుండాది?" అనెను. అందరును నవ్విరి. మేము నవ్వలేకపోతిమి, ఏలయనగా అది నవ్వుమాట కాదు.

ఆ అవ్వకు ఆ రాత్రి సరిగా జవాబు చెప్పలేదు గనుక ఇక్కడ ప్రయత్నించుచున్నాము. నిర్గమకాండము అయిదవ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలీయులు పండుగ చేసికొనుటకు మూడు దినముల సెలవు అడిగిరి. ఫరో ఏమని బదులిచ్చెను? వారు సోమరులు, పనిలేక అడుగుచున్నారని చెప్పి, గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క మాత్రము తగ్గింపకుండ పని పెంచెను. బీదవాడు కొంచెము తీరిక అడిగినప్పుడు "సోమరి" అను మాట ఎవరి నోటనుండి వచ్చెనో గురుతుంచుకొనవలెను. మన తాతలు ఆ మాట ఆసాముల నోట ఎన్నిమారులు వినిరో! ఆ మాటయే ఇప్పుడు సంఘపెద్దల నోటను, కాపరి నోటను వచ్చుచున్నది. మా నోటను వచ్చెను. ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములోని విశ్రాంతిదిన ఆజ్ఞ దీనికి దేవుని జవాబు. అక్కడ విశ్రాంతి యజమానునికి మాత్రమే కాదు. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊరిలోనున్న పరదేశి, వీరందరికిని. కారణము కూడ చెప్పబడెను, నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివి గనుక. తీరిక ధనవంతుల సొత్తని ఫరో తలంచెను. దేవుడు దానిని దాసికి ఇచ్చెను.

కాబట్టి అవ్వా, మీ కొంపలో తీరిక లేనియెడల తప్పు మీది కాదు, ఎవరో దానిని తీసికొనిరి. ఎవరని అడుగవలెను. ఇక్కడ పురుషులతో ఒక మాట. చెట్టుక్రింద పులి మేక ఆట ఆడుటకు గంటసేపు దొరకినవాడు, ఆ గంట ఎవరి చేతులనుండి వచ్చెనో చూచుకొనవలెను. ఇంటిలోని స్త్రీ రెండు బిందెలు ఎక్కువ మోసినందున అతనికి ఆ గంట దొరకెను. వారమున కొ‌కసారియైనను బిందె తాను ఎత్తుకొని, "నీకు ఇష్టమైనది చేసికొనుము" అని ఆమెతో చెప్పినయెడల, ఆమె యేమి చేయునో తెలియును. మాకు తెలిసిన ఒక సహోదరి ఇట్లు దొరకిన గంటలలో పాతచీరల ముక్కలతో బొంత కుట్టుచు, ప్రతి ముక్కయు ఎవరి చీరయో, ఏ సంవత్సరపుదో చెప్పుచుండెను. ఆ బొంతలో ఆ ఊరి చరిత్ర యున్నది. పెద్దలు అది చరిత్ర యనుకొనలేదు.

మదనపల్లెకు దాపుననున్న ఆరోగ్యవరమును మీలో అనేకులు ఎరుగుదురు. అనేక మిషనులు కలిసి స్థాపించిన ఆ క్షయరోగ ఆసుపత్రి 1915లో రోగులను చేర్చుకొనెను. ఫ్రిమోట్ మోలర్ అను డేనిష్ వైద్యుడు దానికి మొదటి పెద్ద. మందులు లేని ఆ దినములలో గాలి, ఆహారము, మంచముమీద విశ్రాంతి, ఇవియే వైద్యము. నెలల తరబడి, కొందరికి సంవత్సరములు. మేము ఎరిగిన ఒక సంఘపెద్ద యౌవనమందు అక్కడ చాల నెలలు పడియుండెను. ఆయన ఇప్పుడు ప్రభువునందు నిద్రించెను. మొదటి నెల గోడమీది పగుళ్ళు లెక్కపెట్టెననియు, రెండవ నెల చావు తప్ప మరి దేనిని తలంపలేదనియు, మూడవ నెలలో ప్రక్క మంచముమీది రోగి "ఆ కూత ఏ పిట్టదో చెప్పు" అని పందెము వేసెననియు ఆయన మాతో చెప్పెను. అక్కడనుండి ఇద్దరును తెల్లవారకముందే మేల్కొని వినుచుండిరి. పైడికంటి, గోరువంక, ఎఱ్ఱతీతువు, కోకిల. ప్రక్క మంచమువాడు కోలుకొనలేదు. మా పెద్ద ఇంటికి వచ్చి డెబ్బది దాటువరకు జీవించెను. ఎప్పుడైనను తీతువు అరచినప్పుడు మాట ఆపి వినెడివాడు. ఆయనకు ఆ కూత కీడు శకునము కాదు, స్నేహితుని మాట.

ఆ రోగమునకు మందు ఎక్కడ దొరకెను? 1943లో అమెరికా దేశమున వాక్స్‌మన్ అను పండితుని ప్రయోగశాలలో, షాట్జ్ అను యౌవనస్థుడు మంటిలోని కంటికి కనబడని జీవులను శోధించుచు స్ట్రెప్టోమైసిన్ కనుగొనెను. మనము కాలిక్రింద త్రొక్కు మన్ను! "మట్టితో ఆడకు" అని పిల్లలను కొట్టునప్పుడు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనుట మంచిది. అయినను ఈ ఉదాహరణను మేము ఎక్కువ సాగదీయము. ప్రయోజనము కలుగును గనుకనే ఆసక్తి మంచిదని చెప్పినయెడల, మరల పిచ్చుకను కాసులతో కొలిచినట్లే. ఆ రోగి నేర్చిన పిట్టకూత ఏ మందునకును పనికిరాలేదు. అది కొసరు.

మాకును ఈ మధ్య ఒక పిచ్చి పట్టినది, దాచనేల. శ్రీకాళహస్తిలో కలంకారీ చిత్రములు వ్రాయువారు నల్లరంగును తామే చేసికొందురని విని, ఆశపడితిమి. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లము, నీళ్ళు ఒక కుండలో వేసి మూతకట్టి రెండు మూడు వారములు నానబెట్టవలెను. మన చిత్తూరు జిల్లాలో బెల్లమునకు కొదువ లేదు. పాత మేకులు గుడి కప్పు మార్చినప్పుడు మిగిలినవి యుండెను. పదియవ దినమునకు కుండ పొంగి వాసన పట్టినది. మా ఇంటివారు కుండనో మమ్మునో ఒకటి బయట పెట్టవలెనని చెప్పిరి. కుండ పశువుల పాకకు పోయెను. ఇరువది దినములకు వడపోసి, వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారము కట్టి కలము చేసి, తెల్లగుడ్డమీద వ్రాసితిమి. నలుపు కాదు గదా, మురికినీళ్ళ చారవలె వచ్చినది!

మరల కాళహస్తి పోయి అడిగితిమి. ఆ కళాకారుడు నవ్వి, గుడ్డను ముందు కరక్కాయ పొడియు గేదెపాలును కలిపినదానిలో ముంచి ఆరబెట్టితిరా అని అడిగెను. లేదు. రంగు కుండలో ఉండదు, గుడ్డలోనికి చేరిన కరక్కాయ పసరును ఇనుపనీరు తాకినప్పుడు నలుపు పుట్టును అని వివరించెను. పాలు కలుపుట రంగు ప్రాకకుండుటకు. ఇంటికి వచ్చి అట్లే చేసితిమి. కలము తాకిన చోట మొదట బూడిదవన్నె, మన కన్నులెదుటనే కారునలుపు! ఆ క్షణమున మేము పొందిన సంతోషమును ఏ ప్రసంగములోను చెప్పలేము. ఇట్టి ప్రయాసలు మమ్మును కొంత తగ్గించినవి కూడ. ముప్పది సంవత్సరములు బోధకుడుగా నుండి, పుల్లతో గీత గీయుటలో ఒకటవ తరగతి పిల్లవానివలె కూర్చుండుట ఆత్మకు మేలు.

హెచ్చరికగా కొంత చెప్పవలసియున్నది. ప్రసంగి రెండవ అధ్యాయములో సొలొమోనే తోటలు వేయించి, చెరువులు త్రవ్వించి, గాయకులను కూర్చుకొని, చివరకు అంతయు గాలికై ప్రయాసపడుటయే అనెను. గోడలో మొక్కను చూచినవాడే ఆ మాటయు పలికెను. భేదమేమి? అక్కడ "నాకొరకు" అను మాట ఎన్నిమారులు వచ్చెనో లెక్కపెట్టి చూడుడి. చూచుట విడిచి కూడబెట్టుట మొదలైనది. పక్షిగూటిలో తల్లిని పట్టకుము అని ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది గనుక తల్లిపక్షులను పట్టు పిల్లలకు ఆ వాక్యము చూపవలెను. సంక్రాంతి కోడిపందెములలో కత్తి కట్టి డబ్బు పెట్టుటను "సరదా" అనువారితో మేము వాదింపము. అది సరదా కాదని వారి భార్యలకు తెలియును.

అంతకంటె భారమైనది ఒకటి. మన కొండలలోని ఎఱ్ఱచందనము లోకములో మరెక్కడను సహజముగా విరివిగా పెరుగని చెట్టు. దాని ధర తెలియని యౌవనస్థుడు మన ప్రాంతములో లేడు. టన్నుకు ఎంతయో, ఏ దారిని పోవునో చెప్పుదురు. దాని పువ్వు పసుపువన్నెదనియు, దాని కాయ గుండ్రని బిళ్ళవలె చుట్టును రెక్క కలిగి గాలికి ఎగురుననియు చూచినవారెందరు? 2015 ఏప్రిల్ మాసమున శేషాచలపు అడవిలో ఇరువదిమంది పోలీసు కాల్పులలో మరణించిరి. వారు పొరుగు తమిళ జిల్లాల కూలీలు. ఆ దుంగలు అమ్ముకొని మేడలు కట్టువారు వారిలో లేరు. రెండు తలల పామును ఇంట పెట్టుకొనిన ధనము కలుగునను మోసపు మాట నమ్మి, ఉన్నది పోగొట్టుకొని జైలుకు పోయినవారును గలరు. మిషనరీ జాను చేతిలోను ఆ పామే యుండెను, వీరి చేతిలోను ఆ పామే. వెల చూచు కన్నును, పిచ్చుకను చూచు కన్నును ఒకే ముఖములో ఎక్కువకాలము నిలువవు.

సెల్‌ఫోను సంగతి కూడ అడుగుదురు. అందులో లోకములోని పక్షులన్నియు కనబడుచున్నవి, నిజమే. మేమును చూచుచున్నాము. అయితే అది నమిలి నోట పెట్టిన ముద్ద. గాదంకిలో, చంద్రగిరికి పాకాలకు నడుమ, ఆకాశపు గాలులను కొలుచు గొప్ప రాడారు ఉన్నది, 1024 ఏంటెనాలు మైదానములో వరుసలు తీరియుండును. అంత గొప్ప యంత్రము ప్రక్కనే నివసించు మా ఉపాధ్యాయుడు ఇంకను డబ్బా పెట్టి వాన కొలిచి నోటుబుక్కులో వ్రాయుచున్నాడు. ఎందుకని అడిగితిమి. "అది వారి వాన, ఇది నా వాన" అనెను. మాకు ఆ జవాబు తృప్తిగా నున్నది.

ఇప్పుడు ఆ పిల్లవాని సంగతి ముగించవలెను. వాడు పెద్దవాడై బెంగుళూరు పోయి పని చేసికొనుచున్నాడని విని, తల్లిని అడిగి చిరునామా తీసికొని పోయిన సంవత్సరము ఉత్తరము వ్రాసితిమి. డబ్బా పారవేసినందుకు క్షమింపుమని అడిగితిమి. రెండు నెలలు జవాబు లేదు. తరువాత ఒక కార్డు వచ్చినది. తాను గుడికి పోవుచున్నాడనియు పోవుటలేదనియు వ్రాయలేదు. మమ్మును క్షమించితిననియు వ్రాయలేదు. డబ్బాలో ఏమేమి యుండెనో వరుసగా వ్రాసెను, పదునొకండు వస్తువులు, ఒక్కటియు మరువలేదు. చివరను, "పాలపిట్ట ఈక మా నాయన తెచ్చి ఇచ్చినది. ఆ యేడే ఆయన పోయినాడు" అని వ్రాసెను.

ఆయనను ఆ వేసవిలో మేమే సమాధి చేసితిమి. డబ్బా పారవేసినది ఆ తరువాత నాలుగవ నెలలో.

ఇప్పుడు మేము ప్రతి సాయంకాలము చెరువుగట్టు మీదికి పోవుచున్నాము. కరెంటు తీగెమీద ఒక పాలపిట్ట కూర్చుండును. ఎగిరినప్పుడు రెక్కలలోని నీలము కనబడును. ఇంతవరకు అది ఈక విడువలేదు.